ఏడుగురి విమానం, ఏడిళ్ల ఎదురుచూపు

1944 ఏప్రిల్ 26 సాయంత్రం. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో మెథరింగమ్ అనే వైమానిక స్థావరం. విమానం ఎక్కడానికి కాస్త ముందు, గాల్లో ఇంజన్లు, పెట్రోలు చూసుకునే ఫ్లైట్ ఇంజనీర్ నార్మన్ జాక్సన్‌కి టెలిగ్రాం అందింది. యుద్ధకాలంలో టెలిగ్రాం అంటే చెడ్డ కబురనే లెక్క. మన ఊళ్లలోనూ ఒకప్పుడు అంతే, తంతి వచ్చిందంటే విప్పి చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. జాక్సన్‌కి వచ్చింది మాత్రం మంచి కబురు. భార్య ఆల్మాకి మగపిల్లాడు పుట్టాడు.

నిజానికి ఆ రాత్రి జాక్సన్ వెళ్లనక్కర్లేదు. బ్రిటిష్ వైమానిక దళంలో బాంబర్ సిబ్బందికి 30 దాడులు పూర్తయితే ఒక 'టూర్' అయినట్టు. ఆ తర్వాత దాదాపు ఆరు నెలలు ఏ శిక్షణ కేంద్రంలోనో కుర్రాళ్లకు పాఠాలు చెప్పుకోవచ్చు. జాక్సన్‌కి 30 అయిపోయాయి. చిక్కల్లా ఒకటే. మధ్యలో ఒకసారి వేరే జట్టుతో వెళ్లొచ్చాడు. దాంతో తన లెక్క నిండినా సొంత జట్టు లెక్క ఒకటి వెనకబడింది. కలిసి మొదలుపెట్టాం, కలిసే ముగిద్దాం అనుకున్నాడేమో, 31వ దాడికి తనే ముందుకొచ్చాడు.

వెళ్లింది జర్మనీలో బాల్‌బేరింగుల ఫ్యాక్టరీలున్న ష్వైన్‌ఫుర్ట్‌కి. బాంబులు వేశాక జర్మన్ ఫైటర్ తగులుకుంది. కుడి రెక్కలో పెట్రోలు ట్యాంకు దగ్గర మంట లేచింది. దాదాపు 20,000 అడుగుల ఎత్తు, గంటకు 200 మైళ్ల వేగం. జాక్సన్ మంటలార్పే సిలిండర్‌ని లైఫ్ జాకెట్‌లో దోపుకుని, పైకప్పు తలుపు తీసి బయటికి పాకాడు. తలుపు దాటుతుండగా పారాచూట్ విచ్చుకుని లోపలే పరుచుకుపోయింది. పైలట్ ఫ్రెడ్ మిఫ్లిన్, గురిచూసి బాంబులు వదిలే బాంబ్ ఎయిమర్, దారి లెక్కకట్టే నావిగేటర్ ముగ్గురూ ఆ గుడ్డను పోగుచేసి, తాళ్లు పట్టుకుని, బావిలోకి మనిషిని దించినట్టు కొద్దికొద్దిగా వదులుతూ పోయారు. జాక్సన్ జారి రెక్క మీద పడ్డాడు. రెక్క అంచున గాలి లోపలికి వెళ్లే కంతను పట్టుకుని వేలాడాడు. సిలిండర్ చెయ్యి జారిపోయింది. ముఖం, చేతులు, బట్టలు కాలిపోతుండగా గాలి అతన్ని రెక్క మీంచి ఈడ్చేసింది. లోపలున్నవాళ్లు ఆఖరుసారి చూసినప్పుడు సగం విచ్చుకున్న ఆ పారాచూట్ కూడా అంటుకుని ఉంది.

అతను బతికాడు. చీలమండ విరిగి, ఒక కన్ను మూసుకుపోయి, తెల్లవారాక పాకుతూ దగ్గర్లోని ఊరు చేరి యుద్ధఖైదీ అయ్యాడు. తర్వాత దూకినవాళ్లలో నలుగురు క్షేమంగా దిగారు. మిఫ్లిన్, వెనక గన్నర్ చనిపోయారు.

ఇలాంటి సంఘటనను సాహసగాథగా చెప్పుకుని వదిలేయడం మామూలే. రెక్క మీదికి పాకడం కన్నా వింత దానికి ముందే జరిగింది. కొడుకు పుట్టాడని తెలిసిన మనిషి, వెళ్లక్కర్లేని దాడికి ఎందుకు వెళ్లాడు? భార్య మీద ప్రేమ లేక కాదు. అలాంటి ప్రశ్న వచ్చినప్పుడు జట్టువైపే మొగ్గేలా మనిషిని తయారుచేసే ఏర్పాటు ఒకటి అక్కడ ఉంది. ఆ ఏర్పాటులో భార్యకు చోటు లేదు.

జట్టు తయారయ్యే తీరు చూస్తే కొంత అర్థమవుతుంది. సైన్యంలో ఎవరు ఎవరితో పనిచేయాలో పైవాళ్లు చెబుతారు. బ్రిటిష్ వైమానిక దళంలో బాంబర్లు నడిపే విభాగమైన బాంబర్ కమాండ్‌లో అలా చేయలేదు. శిక్షణ కేంద్రంలో పైలట్లను, నావిగేటర్లను, బాంబ్ ఎయిమర్లను, వైర్‌లెస్ ఆపరేటర్లను, గన్నర్లను పెద్ద హ్యాంగర్‌లోకి తోలి, మీలో మీరే జట్లు కట్టుకోండి అనేవారు. ఒక రకంగా పెళ్లిచూపులే, పెద్దలూ జాతకాలూ లేవంతే. వాడి మొహం నచ్చిందనో, మాట నెమ్మదిగా ఉందనో, బూట్లు శుభ్రంగా ఉన్నాయనో ఎంచుకునేవారు. నాలుగింజన్ల పెద్ద విమానానికి మారినప్పుడు ఏడోవాడిగా ఫ్లైట్ ఇంజనీర్ చేరేవాడు. జాక్సన్‌ది ఆ స్థానమే.

తనే ఎంచుకున్నాడు కాబట్టి, తర్వాత వదిలిపోవాలంటే మాట తప్పినట్టు ఉంటుంది. ఆ పద్ధతి పెట్టినవాళ్లు ఇంత లోతు ఆలోచించారో లేదో గానీ పనిచేసింది మాత్రం అందుకే. పైగా లాంకాస్టర్ అనే ఆ నాలుగింజన్ల విమానంలో ఒకడి ప్రాణం ఇంకొకడి చేతిలో ఉండేది. నావిగేటర్ తెర వెనక చిన్న దీపం కింద లెక్కలు వేస్తుంటాడు, బయట ఏం జరుగుతోందో కనపడదు. వెనక గన్నర్ తోకలో గంటల తరబడి చలికి బిగుసుకుని కూర్చుంటాడు, మిగతా ఆరుగురి మొహాలు కనపడవు. అతను ఒక్క నిమిషం కునికితే ఏడుగురూ పోతారు. ఏడుగురిలో పైలట్టే కెప్టెన్. సార్జెంట్ పైలట్ అయితే, హోదాలో తనకన్నా పెద్దవాడైన నావిగేటర్ కూడా గాల్లో అతని మాటే వినాలి. కింద మాత్రం ఆఫీసర్లకో మెస్, సార్జెంట్లకో మెస్. అందుకే ఖాళీ దొరికితే ఏడుగురూ కలిసి ఊళ్లో పబ్బుకి పోయేవారు. అక్కడ హోదాలుండవు.

ఈ బంధానికి రెండో వైపు కూడా ఉంది. విమాన సిబ్బంది అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే. అయినా మధ్యలో ఇక ఎగరలేను అన్నవాడి రికార్డులో 'నైతిక స్థైర్యం లేదు' అని రాసి, హోదా, రెక్కల బ్యాడ్జి పీకేసి పంపించే పద్ధతి ఉండేది. అలా ముద్ర పడినవాళ్లు చాలా తక్కువ. ఆ ముద్ర భయం ఎంతమందిని విమానం ఎక్కించిందో లెక్కతేలదు. కానీ శిక్ష భయం కన్నా, ఆరుగురిని వదిలేశాననే సిగ్గే ఎక్కువమందిని నడిపించిందని బతికినవాళ్లు చెప్పుకున్నదాన్ని బట్టి అనిపిస్తుంది. పైవాళ్లకు అది బాగా కలిసొచ్చింది.

ఎందుకంటే లెక్కలు భయంకరంగా ఉండేవి. గడ్డురోజుల్లో ఒక్కో దాడికి నూటికి 5 విమానాలు పోయేవి. 5 చిన్న అంకెలాగే కనిపిస్తుంది. అదే రేటు 30 దాడులకు వర్తిస్తే, మొదలుపెట్టిన 100 జట్లలో చివరికి మిగిలేవి 21. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్‌కి 795 విమానాలు బయల్దేరితే 95 తిరిగి రాలేదు. మొత్తం యుద్ధంలో బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్లు సుమారు 1,25,000 మంది, చనిపోయినవాళ్లు 55,573. వీళ్లలో 5,000 మందికి పైగా శిక్షణలోనే పోయారు, శత్రువు మొహం చూడకుండానే.

ఈ లెక్కకు మొదటి రోజుల్లోనే మన ఊరి పేరు ఒకటి తగిలింది. యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బాంబులు వేసిన 10 బ్లెన్‌హైమ్ విమానాల్లో 5 '110 (హైదరాబాద్) స్క్వాడ్రన్' అనే దళానివి. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో ఆ స్క్వాడ్రన్‌కి విమానాలు సమకూరాయి కాబట్టి ఆ పేరు. ఆ రోజు వెళ్లిన 10లో 5 తిరిగి రాలేదు.

ఇక ఇంట్లో ఉన్న మనిషి సంగతి. చాలా జంటలవి హడావుడి పెళ్లిళ్లు. అతనికి ఇరవై దాటి రెండు మూడేళ్లు, ఆమెకు అంతకన్నా తక్కువ. నాలుగైదు రోజుల సెలవులో పెళ్లి, కొత్తకాపురం అన్నీ అయిపోయేవి. భార్యలు స్థావరాలకు దగ్గర్లో ఉండటం చాలామంది కమాండర్లకు నచ్చేది కాదు. మనసు రెండుచోట్ల ఉంటే విమానంలో పరధ్యానం అని వాళ్ల వాదన. అయినా ఎందరో ఆడవాళ్లు లింకన్ చుట్టుపక్కల ఊళ్లలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు.

ఆ గదిలో ఆమెకు ఎవరూ ఏమీ చెప్పరు. ఎక్కడికి వెళుతున్నాడో అతను చెప్పకూడదు. దాడి ఖరారైతే స్థావరంలో బయటికి వెళ్లే ఫోన్లన్నీ కట్. కాబట్టి రావలసిన ఫోను రాకపోతే, ఈ రాత్రి వెళుతున్నాడని తెలుసుకోవాలి. చీకటి పడే వేళకు ఇంజన్ల మోత మొదలవుతుంది. ఒక్కో విమానం బరువుగా లేచి, తిరిగి తిరిగి ఎత్తుకు చేరి, తూర్పుకు పోతుంది. ఆమె లెక్కపెట్టుకుంటుంది. పదిహేను, పదహారు, పదిహేడు. తర్వాత ఏడెనిమిది గంటలు నిశ్శబ్దం. తెల్లవారుజామున మళ్లీ మోత, మళ్లీ లెక్క.

ఆ లెక్క కూడా నమ్మదగింది కాదు. పొగమంచు కమ్మితేనో పెట్రోలు చాలకపోతేనో విమానాలు వేరే స్థావరాల్లో దిగేవి, అంటే తగ్గినంత మాత్రాన ఎవరూ పోయినట్టు కాదు. అన్నీ తిరిగొచ్చినా, ఏదో ఒకదాంట్లో చనిపోయిన గన్నర్ ఉండొచ్చు. లెక్క తప్పయినా సరే, లెక్కపెట్టకుండా ఉండలేరు. దినదినగండం నూరేళ్ల ఆయుష్షు అంటాం కదా, వీళ్లకు గండం ఒక్కో రాత్రిది, ఆయుష్షు 30 రాత్రులది. అతను తన లాగ్‌బుక్‌లో రాసుకునే అంకెను ఆమె క్యాలెండర్ మీద గీసుకునేది.

అదే సమయంలో స్థావరంలో వేరే లోకం. రేషన్ కాలంలో మామూలు జనానికి వారానికి ఒక గుడ్డు దొరికితే గొప్ప. దాడికి వెళ్లేవాళ్లకు మాత్రం గుడ్డు, బేకన్‌తో భోజనం పెట్టేవారు, తిరిగొచ్చాక మళ్లీ. "నువ్వు రాకపోతే నీ గుడ్డు నేను తింటా" అనేది వాళ్లలో వాళ్లకు అలవాటైన జోకు. ఆ జోకు భార్య దగ్గర వేయగలరా? ఇంటికొచ్చిన మగవాడు మాట్లాడటం లేదని ఆమె బాధపడి ఉంటుంది. అతను మాట్లాడే భాష ఆ ఆరుగురి దగ్గరే చెల్లుబాటయ్యేది.

జట్టుకీ పెళ్లికీ పోటీ వచ్చిన చోట ఎప్పుడూ పెళ్లే ఓడిందనుకుంటే పొరపాటు. జో మెకార్తీ న్యూయార్క్ మనిషి. అమెరికా యుద్ధంలోకి దిగకముందే కెనడా వెళ్లి అక్కడి వైమానిక దళంలో చేరిన భారీకాయుడు. అతని జట్టులో బాంబ్ ఎయిమర్ జార్జ్ జాన్సన్, అందరూ జానీ అనేవారు. 1943 మార్చి నాటికి ఆ జట్టు 30 దాడులు ముగించింది. ఇక సెలవు. జానీ పెళ్లి ఏప్రిల్ 3న గ్విన్ మోర్గన్‌తో ఖాయమైంది. ఇంతలో ఏదో రహస్యమైన పని కోసం కొత్తగా 617 స్క్వాడ్రన్ పెడుతున్నారని, రమ్మని మెకార్తీకి పిలుపొచ్చింది. జట్టును అడిగాడు, అందరూ సరేనన్నారు. స్కాంప్టన్ స్థావరానికి చేరగానే తెలిసింది, సెలవులన్నీ రద్దు.

పెళ్లి ఆగొచ్చని జానీ ఉత్తరం రాశాడు. ఏప్రిల్ 3న నువ్వు రాకపోతే ఇంకెప్పుడూ రానక్కర్లేదు అని గ్విన్ తిరుగు జవాబిచ్చింది. ఎదురుచూసే భార్య అనగానే కిటికీ దగ్గర కన్నీళ్లతో నిలబడ్డ బొమ్మ గుర్తొస్తుంది, ఇదిగో ఇలాంటి జవాబులు రాసినవాళ్లూ ఉన్నారు. జానీ ఆ సంగతి మెకార్తీకి చెప్పాడు. మెకార్తీ జట్టు మొత్తాన్ని వెంటేసుకుని నేరుగా స్క్వాడ్రన్ కమాండర్ గై గిబ్సన్ గదిలోకి వెళ్లాడు. గిబ్సన్ కోపానికి స్థావరంలో అందరికీ హడల్. మా టూర్ అయిపోయింది, మాకు వారం సెలవు రావాలి, నా బాంబ్ ఎయిమర్ పెళ్లి ఏప్రిల్ 3న, ఆ రోజు వాడి పెళ్లి జరిగి తీరుతుంది అని చెప్పేశాడు. నాలుగు రోజులు సెలవు దొరికింది. పెళ్లి జరిగింది.

ఆరు వారాల తర్వాత, మే 16 రాత్రి, 617 స్క్వాడ్రన్ జర్మనీలో రూర్ ప్రాంతపు ఆనకట్టల మీద దాడికి వెళ్లింది. 19 విమానాలు, 133 మంది. మెకార్తీ జట్టుకు పడింది సోర్పే ఆనకట్ట. కొండల మధ్య లోయలోకి దిగి, కట్ట వెంబడే పోతూ, సరిగ్గా మధ్యలో బాంబు వదలాలి. జానీ తొమ్మిదిసార్లు కుదరలేదన్నాడు, తొమ్మిదిసార్లూ మెకార్తీ విమానాన్ని తిప్పి మళ్లీ తెచ్చాడు. ఆ బాంబును ఎవరైనా బయటికి తోసెయ్యండిరా అని వెనక గన్నర్ విసుక్కున్నాడట. పదోసారి పడింది. కట్ట తెగలేదు. పెళ్లి కోసం కమాండర్‌తో గొడవపడ్డ నాయకుడికి ఈ కుర్రాడు పదిసార్లు ప్రాణం అప్పగించాడు, ఆయనా పదిసార్లు తిప్పాడు. ఈ రెండు సంగతుల్ని విడదీసి చూడటం కష్టం.

ఆ రాత్రి 8 విమానాలు తిరిగి రాలేదు. 56 ఇళ్లకు టెలిగ్రాములు వెళ్లాయి. టెలిగ్రాంలో 'చనిపోయాడు' అని ఉండేది కాదు, 'కనబడటం లేదు' అని ఉండేది. మరణవార్త అయితే ఏడ్చి ఊరుకోవచ్చు. ఈ మాటతో అదీ కుదరదు. విమానం ఏమైందో జర్మనీ నుంచి రెడ్‌క్రాస్ ద్వారా కబురొచ్చేదాకా ఆమె భార్యో విధవో తెలియని మనిషి. ఏ కబురూ రాకపోతే దాదాపు ఆరు నెలల తర్వాత, 'అధికారిక అవసరాల కోసం చనిపోయినట్టు భావిస్తున్నాం' అని మరో కాగితం. జర్మన్ రేడియో ఇంగ్లిషు ప్రసారాల్లో ఖైదీల పేర్లు చదివేవారు. శత్రువు రేడియో అని తెలిసీ ఆ పేర్ల కోసం చెవులు రిక్కించినవాళ్లున్నారు.

ఈలోగా స్థావరంలో ఇంకో పని జరిగిపోయేది. జట్టు తిరిగి రాలేదని తేలిన కొన్ని గంటల్లోనే వాళ్ల మంచాలు ఖాళీ చేయించేవారు, సాయంత్రానికి కొత్తవాళ్లు వస్తారు మరి. సామాన్లు సర్దే కమిటీ ఒకటి ఉండేది. సర్కారు సరుకు సర్కారుకి, సొంత సరుకు ఇంటికి. పంపేముందు వాళ్లు జేబులు, ఉత్తరాలు, ఫొటోలు ఒక్కొక్కటే చూసేవారు. భార్య చూడకూడనిది ఏదైనా ఉంటే, వేరే అమ్మాయి రాసిన ఉత్తరం లాంటిది, తీసి కాల్చేసేవారు. దాన్ని దయ అనాలా, మోసం అనాలా? చనిపోయినవాడి పరువు, బతికున్నామె మనశ్శాంతి రెండూ నిలిచాయి. ఆమెకు నిజం తెలిసే హక్కును మాత్రం ముక్కూ మొహం తెలియని ఒక ఆఫీసరు పొయ్యిలో వేశాడు. నమ్మకంగా ఉండటం అనేదాన్ని కూడా వైమానిక దళం ఆఖరికి తన ఫైలు పనిలో భాగం చేసుకుంది.

టెలిగ్రాం తర్వాత కమాండర్ రాసే ఉత్తరం వచ్చేది. అదే విమానంలో ఉన్న మిగతావాళ్ల కుటుంబాల చిరునామాలు కూడా పంపేవారు. ఇక్కడ ఎవరూ అనుకోని సంగతి ఒకటి జరిగింది. ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోని ఆడవాళ్లు ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. మీకేమైనా తెలిసిందా? మావాడి గురించి మీవాడు ఎప్పుడైనా చెప్పాడా? ఒకరింటికి ఖైదీ కార్డు వస్తే మిగతా ఆరిళ్లకూ ఆశ. గాల్లో కూలిపోయిన జట్టు, కింద భార్యల, తల్లుల ఉత్తరాల్లో ఇంకొన్నాళ్లు బతికింది. భర్తలకు హ్యాంగర్‌లో ఎంచుకునే అవకాశమైనా వచ్చింది, వీళ్లను కలిపింది మాత్రం ఒక చిరునామాల కాగితమే.

ఆనకట్టల దాడి నుంచి తిరిగి రాని ఆ 56 మందిలో ముగ్గురే బతికి ఖైదీలయ్యారు. వాళ్లలో కెనడావాడు జాన్ ఫ్రేజర్ ఒకడు, పెళ్లయి మూడు వారాలు కూడా కాలేదు. అతని పైలట్ జాన్ హాప్‌గుడ్‌కి 21 ఏళ్లు. మోనే ఆనకట్ట దగ్గర విమానం అంటుకున్నాక, జట్టు దూకడానికి కాస్త ఎత్తు కావాలని హాప్‌గుడ్ దాన్ని ఎలాగో పైకి లాగి పట్టుకున్నాడు. ఆ కొద్ది క్షణాల్లో దూకిన ఫ్రేజర్ బతికాడు, హాప్‌గుడ్ విమానంతో పాటే పోయాడు. యుద్ధం అయ్యాక ఫ్రేజర్ కెనడా వెళ్లి సంసారం చేసుకున్నాడు. కూతురు పుడితే, హాప్‌గుడ్ పెరిగిన ఇంగ్లండ్ పల్లెటూరి పేరే ఆ పాపకు పెట్టుకున్నాడు.

స్థావరం లోపల ఉన్న ఆడవాళ్ల సంగతి వేరు. పారాచూట్లు మడతపెట్టినవాళ్లు, సిబ్బందిని విమానం దాకా లారీల్లో దింపినవాళ్లు, కంట్రోల్ టవర్‌లో రేడియో ముందు కూర్చుని రాని విమానాన్ని పేరుపెట్టి మళ్లీ మళ్లీ పిలిచినవాళ్లు. బయటి భార్యకు తెలియనిది వీళ్లకు ముందే తెలిసేది. ఇందులో అన్యాయం ఏమిటంటే, ఒకమ్మాయి స్నేహం చేసిన ఇద్దరు ముగ్గురు వరసగా పోతే ఆమెకు 'అచ్చిరాని పిల్ల' అని పేరు పడిపోయేది. ఆమెతో డాన్సుకు కూడా ఎవరూ వచ్చేవారు కాదు. నూటికి 5 చొప్పున విమానాలు పోతున్న చోట అలా జరగడం లెక్కల్లో మామూలే. లెక్కల మీద కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఆడపిల్ల పాదం మీద నెట్టారు. పాదం మంచిది కాదనే మాట మనకు కొత్తేమీ కాదు.

ప్రేమను ప్రచారానికి వాడుకోవడంలో అమెరికన్లు రెండాకులు ఎక్కువే చదివారు. బి-17 అనే అమెరికన్ బాంబర్ పైలట్ రాబర్ట్ మోర్గన్ తన ప్రియురాలు, మెంఫిస్ నగరపు మార్గరెట్ పోక్‌ని తలుచుకుని విమానానికి 'మెంఫిస్ బెల్' అని పేరు పెట్టాడు. 1943 మేలో 25 దాడులు ముగించాక ఆ విమానాన్ని, జట్టును దేశమంతా ఊరేగించారు. ఆ జంట కథ ఇంటింటికీ తెలిసింది. ఆ ఏడాదే వాళ్ల పెళ్లి ఏర్పాటు రద్దయింది. విమానం పేరు మాత్రం మారలేదు.

ఇంతా చెప్పి, ఈ విమానాలు ఏం మోసుకెళ్లాయో చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. 1943 జులైలో హాంబర్గ్ మీద కొద్ది రోజుల దాడుల్లోనే 30,000 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మామూలు జనమే. ఆనకట్టల దాడిలో మోనే తెగినప్పుడు వచ్చిన వరదలో 1,300 మందికి పైగా కొట్టుకుపోయారు. వాళ్లలో వందల మంది జర్మన్లు కూడా కాదు, తూర్పు దేశాల నుంచి బలవంతంగా పనికి పట్టుకొచ్చి శిబిరాల్లో ఉంచిన ఆడవాళ్లు. హాంబర్గ్‌లో నేలమాళిగలో కూర్చున్న ఆవిడ భర్త కూడా రష్యాలోనో ఆఫ్రికాలోనో ఉండి ఉంటాడు. ఆవిడా టెలిగ్రాం కోసం భయపడుతూనే ఉంది. జట్టు మీద ప్రేమ ఎంత నిజమో, ఆ ప్రేమ ఆధారంగా నడిచిన పని అంత ఘోరం. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కడిగేయడం కుదరదు. యుద్ధం తర్వాత బ్రిటన్‌కి కూడా ఈ ఇబ్బంది ఉన్నట్టుంది, బాంబర్ కమాండ్‌కి లండన్‌లో జాతీయ స్మారకం కట్టడానికి 2012 దాకా పట్టింది.

విధవలకు అంతకన్నా మౌనం దక్కింది. దేహం దొరకనివాళ్ల కోసం లండన్‌కి పడమట రన్నీమీడ్‌లో 1953లో ఒక స్మారకం కట్టారు. ఏ సమాధీ లేని 20,000 మందికి పైగా వైమానికుల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి. పూలు పెట్టుకోవడానికి వాళ్ల భార్యలకు మిగిలింది ఆ గోడే. పింఛను సంగతి మరీ విడ్డూరం. భర్త ప్రాణానికి బదులుగా సర్కారు ఇచ్చే పింఛను మీద అదే సర్కారు ఆదాయపన్ను వసూలు చేసింది. 1971లో యుద్ధ విధవలు సంఘం పెట్టి పోరాడితే, 1979 నాటికి ఆ పన్ను పూర్తిగా పోయింది. అప్పటికి ఆ కుర్ర పెళ్లికూతుళ్లకు అరవై దగ్గరపడింది.

మళ్లీ 1944 ఏప్రిల్‌కి వద్దాం. జాక్సన్ ఉన్న మెథరింగమ్‌కి కొన్ని మైళ్ల దూరంలోనే వుడ్‌హాల్ స్పా స్థావరం, అప్పటికి 617 స్క్వాడ్రన్ అక్కడికి మారింది. జానీ జాన్సన్ మెకార్తీతో కలిసి 50 దాడులు పూర్తిచేశాడు. గ్విన్ కడుపుతో ఉంది. ఇక చాలించమని జానీకి చెప్పింది గ్విన్ కాదు, మెకార్తీ. పుట్టబోయే బిడ్డ సంగతి, భార్య మనసు ఆలోచించమన్నాడు. జానీకి జట్టును వదలడం ఇష్టం లేకపోయినా ఆ నెలలోనే దిగిపోయి శిక్షణ పనికి వెళ్లిపోయాడు. 2022 డిసెంబరులో, 101 ఏళ్ల వయసులో చనిపోయాడు. మిగతా జట్టు అతను లేకుండానే ఎగిరింది.

ఇరుగుపొరుగు స్థావరాలు, ఒకే నెల, ఇద్దరికీ టూర్ అయిపోయింది. ఒక ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది, ఇంకో ఇంట్లో పుట్టింది. ఒకడికి జట్టే ఇంటికి దారి చూపింది, ఇంకొకడు జట్టు కోసం ఒక్క రాత్రి ఎక్కువ వెళ్లాడు. జాక్సన్ కాలిన చేతులతో 10 నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ రాత్రి రెక్క మీద జరిగింది, యుద్ధం అయ్యాక అతని జట్టువాళ్లు ఖైదు నుంచి తిరిగొచ్చి చెబితే గానీ లోకానికి తెలియలేదు. 1945 అక్టోబరులో అతనికి విక్టోరియా క్రాస్, అంటే యుద్ధంలో సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం, ప్రకటించారు. కొడుకును చూసేసరికి వాడికి ఏడాది నిండిపోయింది.